ఎనిమిది చుట్లు తక్కువ

అశోక్‌నగర్‌లో మా పక్క హాస్టల్ వాళ్ల బోరు మోటారు కాలిపోతే ఎవరో దాన్ని మెట్ల కింద విప్పి పెట్టారు. ఆ మాడిన వార్నిష్ వాసన కింది జిరాక్స్ షాపు వేడి కాగితం వాసనను తొక్కేసి నా గదిలోకి వచ్చింది. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాక, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల వ్యాసాలు దిద్దుతున్నాను. ఆ రోజు ప్రశ్న, కొన్ని దేశాలు సంపన్నంగా, కొన్ని పేదగా ఎందుకున్నాయని. ఏ పేపరు తీసినా వలస దోపిడీ, జనాభా, అవినీతి, మళ్లీ జనాభా. ఏదీ అబద్ధం కాదు, నేనూ ఏళ్ల తరబడి అవే చెప్పాను. కానీ ఆ వాసన తగిలాక ఎర్ర పెన్ను ముందుకు సాగలేదు. నా కళ్లముందే, మా ఇంట్లోనే తయారైన పేదరికం ఒకటుంది, దాన్ని ఒక్కరూ రాయలేదు.

చిక్కడపల్లిలో మా బాపుది మోటారు వైండింగ్ దుకాణం. ముందు దుకాణం, వెనక మా రెండు గదులు. ఎండలు ముదిరాయంటే ఊళ్ల నుంచి రైతులు కాలిన మోటార్లను బస్సు మీద వేసుకొచ్చి, నారాయణగూడలో దింపుకొని, అక్కణ్నుంచి భుజాలు మార్చుకుంటూ మోసుకొచ్చేవాళ్లు. పని అయ్యేదాకా మా అరుగు మీదే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ మూట విప్పుకునేవాళ్లు. రాలిన రాగి తీగ ముక్కలతో నేను గాజులు, ఉంగరాలు అల్లుకొని బడికి వేసుకెళ్లేదాన్ని. దసరాకు బాపు కత్తెర్లు, పటకార్లు, సుత్తెలు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చివరికి తీగ చుట్టే చక్రానికి బంతిపూల దండ వేసేవాడు. ఆ రోజు అమ్మ చేసే గారెల్లో మొదటి వాయి యాదన్నకే.

యాదన్న మా దుకాణంలో పనిచేసేవాడు. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాడు. కాలిన తీగ పెరకడం, కొత్త కాయిల్ మోటారు లోపలి గాడుల్లో కూర్చోబెట్టడం, దారంతో బిగించి వార్నిష్ పోయడం అన్నీ ఆయన చేతి మీదే. ఒక్క తీగ చుట్టడం తప్ప. కరెంటు సన్నగా వచ్చే ఊళ్లలో కూడా మోటారు లేచి నీళ్లు పోసేలా ఎన్ని చుట్లు చుట్టాలో బాపు సొంతంగా కనిపెట్టాడు. కంపెనీ లెక్కలు అక్కడ పనికొచ్చేవి కావు. చక్రం దగ్గర కూర్చునే ముందు, "యాదీ, చాయ్ తాగి రాపో" అనేవాడు. యాదన్న బయటికెళ్లాక షట్టర్ సగం దించేవాడు. చుట్టు చుట్టుకూ చక్రం టిక్ అనేది.

ఒకసారి నేను అడిగాను, యాదన్నకు నేర్పవచ్చు కదా అని.

"చెయ్యి నేర్పిన, చాలు. లెక్క గూడ నేర్పితె రేపు ఎదురుంగనే దుకాణం పెడ్తడు."

"పోనీ నాకు నేర్పు."

"నువ్వు లగ్గమై పోయేదానివి. నీకెందుకే?"

బాపు మోటారు కట్టాడంటే అది కాలి వెనక్కి వచ్చేది కాదు. అందుకే ఎవరికీ విప్పి చూసి లెక్క తెలుసుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పోయాయి. తలగడ కింద లెక్కల నోటుబుక్కు ఉండేది. యాదన్న పలకరించడానికి వస్తే ఎడమచేత్తో దాన్ని ఇంకా లోపలికి తోసేవాడు. యాదన్న లేనప్పుడు మాత్రం పుస్తకం చూపించి, ఐదు వేళ్లు, మళ్లీ మూడు వేళ్లు చూపేవాడు. ఎనిమిది గంటల మందు అడుగుతున్నాడనుకొని అమ్మ గోళీ వేసేది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారేవి. నొప్పి అనుకున్నాం.

ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి ఒక రైతు మోటారు తెచ్చాడు. వరి పొట్ట మీదుంది. బాపు నిద్రలో ఉన్నప్పుడు పుస్తకం తీసి లెక్క నేనే చదివి చెప్పాను. యాదన్న మొదటిసారి చక్రం దగ్గర కూర్చున్నాడు. సగంలో ఆగి, "జర తక్కువ కొడ్తున్నట్టుంది బిడ్డ" అన్నాడు.

"బాపు రాసిండు. నీకేం ఎరుక?" అన్నాను. నేనే అన్నాను. పద్నాలుగేళ్ల సేటు బిడ్డ పొగరుతో.

యాదన్న నేను చదివిన అంకె దగ్గరే చక్రం ఆపాడు. మోటారు మూడు రోజులు నడిచి కాలిపోయింది. దాన్ని మళ్లీ ఎక్కడో కట్టించేలోగా పైరు ఎండిపోయింది. ఆ రైతు తిట్టలేదు. "సేటు చెయ్యి అని నమ్మి తెచ్చిన" అన్నాడంతే. తర్వాత ఇంకో రెండు మోటార్లు అట్లాగే కాలాయి. అరుగు ఖాళీ అయింది. బాపు పోయిన ఏడాదే దుకాణమూ మూతపడింది.

చాలా ఏళ్ల తర్వాత ఆ ఇల్లు ఖాళీ చేస్తుంటే బాపు స్వయంగా చుట్టి పెట్టిన కాయిల్స్ కొన్ని దొరికాయి. ఒక్కొక్కటీ విప్పి లెక్కపెట్టాను. ప్రతి అంకె దగ్గరా పుస్తకంలో ఎనిమిది తక్కువ. ఎవడైనా దొంగిలిస్తే మోటార్లు కాల్చుకొని చావాలని బాపు కావాలనే తప్పు రాసుకున్నాడు! నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మన పహిల్వాను పట్టు దాచుకుంటాడు, వైద్యుడు ఆకు దాచుకుంటాడు, నాతో పనిచేసిన లెక్చరర్లు నోట్సు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్లు. అందరం దాచుకొని దాచుకొని, చితి మీద కాల్చేసుకుంటాం. బాగుపడిన దేశాల్లో మాత్రం దొంగలు లేరా? ఉన్నారు. కానీ అక్కడ తెలిసింది చెప్పినవాడి పేరూ కూడూ పోకుండా ఏదో ఒక ఏర్పాటు చేసుకున్నారు. మా బాపుకు అలాంటి భరోసా ఎవరిచ్చారు? ఆ మాట అనుకున్నా కోపం చల్లారలేదు.

పుస్తకం పట్టుకొని యాదన్నను వెతుక్కుంటూ వెళ్లాను. గాంధీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఎనిమిది సంగతి చెప్పాను. ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే బిడ్డ. చాయ్‌కి పొమ్మంటె షట్టర్ అవుతల నిలబడి టిక్కులు లెక్కపెట్టెటోన్ని. అన్ని సైజులయి నోటికొస్తయి."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలే అన్నా?"

"ఎట్ల చెప్త? దొంగతనంగ నేర్చిన్నని సేటుకు తెలుస్తది గద. మంచంల ఉన్న మనిషి."

గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, ఆయన ఒక్కో మోటారు పేరు చెబుతూ చుట్ల లెక్క ఒప్పజెప్పాడు. ఒక్కటీ తడబడలేదు. నేను రాసుకున్నాను.

ఇప్పుడు యాదన్న లేడు. మా దుకాణం ఉన్న చోట కర్రీ పాయింట్ ఉంది. హాస్టల్ వాళ్లు మెట్ల కింది మోటారును పాత ఇనుముకేసి, డబ్బాలో వచ్చిన కొత్తది బిగించుకున్నారు. సరైన లెక్కలన్నీ నా దగ్గరున్నాయి. అడిగితే ఎవరికైనా ఇచ్చేస్తాను. ఆ మోటార్లే ఇప్పుడు ఎక్కడా లేవు.