ఈశాన్యంలో బండ

తొంభైల్లో ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఉండేవాణ్ణి. హీరో నిట్టనిలువు కొండరాయి ఎక్కే సీను విదేశంలోనే తీయాలని ఆయన పంతం. ఏ దేశమో తేలనేలేదు, వెంట తీసుకెళ్లే ఆవకాయ మాత్రం సిద్ధం. ప్లానంతా ఆఫీసులోనే. ఆఫీసు వెనకున్న పెద్ద బండను పేల్చేవాళ్లు విజిల్ వేయగానే అందరం బల్ల కిందికి దూరేవాళ్లం. పైకొచ్చి రాతిపొడి పడిన టీ తాగడం నా ఖర్మ.

ఒకరోజు బల్ల కిందే ఫైట్ మాస్టర్‌కు ఒళ్లు మండింది.

"సార్, గింత మంచి బండ ఈడుండంగ ఫారిన్ ఎందుకు? జర పేల్చుడు ఆపుండ్రి, ప్రాక్టీసన్నా చేస్కుంటం."

నిర్మాత కసురుకున్నారు.

"అది ఈశాన్యంలో ఉందయ్యా! అది పోతేగానీ మనకి ఫారిన్ యోగం లేదన్నారు వాస్తు సిద్ధాంతిగారు."