బావకు అరవై అయిదు నిండాయి

“సారుకు పోయిన నెల అరవై అయిదు నిండినయ్ అమ్మా. ఇగ పింఛను తగ్గుతది,” అన్నాడు హనుమకొండ పింఛను కార్యాలయంలో గుమాస్తా.

“పోయిన మనిషికి వయసు పెరుగుతదా బిడ్డా?” అంది మా అక్క. వరుసలో వాళ్లు నవ్వారు.

బావ అయిదేళ్ల క్రితం ఉద్యోగంలో ఉండగానే పోయారు. అలాంటి ఉద్యోగి భార్యకు ఏడేళ్లు, లేదా ఆయన బతికి ఉంటే అరవై అయిదు నిండే దాకా, ఏది ముందైతే అంతవరకే ఎక్కువ పింఛను. పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేసిన నేనే, అది జీవితాంతం వస్తుందని అక్కకు చెప్పాను. తల దించుకున్నాను.

అక్క మాత్రం తగ్గలేదు. “బడిల చేర్చేటందుకు పంతులు రెండేండ్లు ఎక్కువ రాసిండు. ఆయనకిప్పుడు అరవై మూడే, రాసుకో,” అంటూ అక్కడే అర్జీ పెట్టింది.

బావ పుట్టుక తెలిసినవాళ్లలో మిగిలింది ములుగులోని ఆయన పెద్దక్క ఒక్కరే. ఆమె మాట చెల్లుతుందో లేదో ఇంకా తేలలేదు.