తెర లాగే మనిషి, బీట్‌రూట్ రసం

మా అక్క మొగుడు నాటకాల హాల్లో తెర లాగే మనిషి. అదీ ఒక ఉద్యోగమేనా అని పెదవి విరిచేవాళ్లున్నారు గానీ, తెర లేవకపోతే రాజైనా మంత్రయినా చీకట్లో బిక్కమొహం వేసుకుని నిలబడాల్సిందే. నేను అదే హాల్లో నటులకు మేకప్ వేస్తాను కాబట్టి ఈ భాగోతమంతా నా కళ్లెదుటే జరిగింది.

మా బావకు ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిందే గానీ, పోతూ పోతూ మనిషిలోని సత్తువంతా మూటగట్టుకుపోయింది. నిద్ర లేస్తే రాత్రంతా బస్తాలు మోసినవాడిలా లేచేవాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో కూర్చునేవాడు. ఒకరోజు ఓపిక వచ్చిందని సంబరంగా మార్కెట్ దాకా నడిచి, ఆ తర్వాత కొన్నాళ్లు మంచం దిగలేదు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి చెప్పింది: "దీన్ని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. ఓపిక ఉన్నంతలోనే పని చేయాలి, అలిసిపోకముందే ఆగాలి."

"మరి తిండి సంగతి? యాంటీ ఆక్సిడెంట్లు అంటున్నారు కదండీ?" అంది మా అక్క.

"వేళకు సరైన తిండి తినడం మంచిదే. రక్తంలో లోటేమైనా ఉంటే భర్తీ చేద్దాం. యాంటీ ఆక్సిడెంట్లతో కాస్త తేలిగ్గా ఉందని కొందరంటారు గానీ గట్టి రుజువు లేదు. వాటితో జబ్బు పోతుందని మాత్రం ఆశపడకండి."

ఇంత చెబితే మా అక్క చెవికెక్కింది "మంచిదే" అన్న ఒక్క ముక్క. మర్నాటి నుంచి ఆవిడ హాలుకు రెండు సంచులతో దిగడం మొదలుపెట్టింది. బీట్‌రూట్ రసం, దానిమ్మ గింజలు, నల్ల ద్రాక్ష, ఊదారంగు క్యాబేజీ, నానబెట్టిన బాదంపప్పు. రంగు ఎంత ముదిరితే గుణం అంత గట్టిదని ఆవిడ నమ్మకం. ఆ లెక్కన నా మేకప్ పెట్టె కూడా తినిపించేస్తుందేమోనని భయపడి తాళం వేసుకున్నాను. 

"ఈ యాంటీ ఏంటో అవి ఏం చేస్తాయమ్మా?" అని సెట్లు కట్టే వడ్రంగి అడిగాడు.

"ఒంట్లో తుప్పు పట్టకుండా ఆపుతాయట."

"ఓహో, ఆయనకి తుప్పా! ముందే చెప్పొచ్చు కదా" అని వడ్రంగి నూనె డబ్బా తెచ్చి, మా బావను వదిలేసి, తెర కప్పీలన్నిటికీ శుభ్రంగా నూనె పోశాడు. 

ఇక్కడ మా హాలు పద్ధతి ఒకటి చెప్పాలి. వేదిక వెనక ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తూ కూర్చోకూడదు, అందరూ తినాల్సిందే. ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు, ఎవరూ కాదనరు. కాబట్టి మా బావ గ్లాసెత్తితే నాయకుడు ఎత్తాడు, నాయిక ఎత్తింది, దీపాలు చూసేవాడు ఎత్తాడు. అందరి నాలుకలూ ఎర్రబడ్డాయి. కొన్నాళ్లకు అందరికీ ఒళ్లు పట్టనంత హుషారొచ్చింది. ముసలి రాజు మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. విలన్ విరామంలో బస్కీలు తీస్తున్నాడు. ఏడవాల్సిన నాయికకు ఏడుపు రావట్లేదు. మా బావకు మాత్రం గింజలు నమిలి నమిలి దవడలు నొప్పెట్టాయి. ఉన్న కాస్త ఓపికా తినడానికే సరిపోయేది. తిన్నాక పడుకునేవాడు.

అలా తిని తిని, ఒక సాయంత్రం నిండు హాలు ముందు తెర లాగుతూ, అది మోకాళ్ల ఎత్తుకు రాగానే ఆగిపోయాడు. పైకీ లేవదు, కిందికీ రాదు. జనం మొదటి అంకమంతా కాళ్ల నటనే చూశారు. ఒక పెద్దమనిషైతే ప్రయోగం అద్భుతమని మేనేజరుకు షేక్‌హ్యాండిచ్చి మరీ వెళ్లాడు. 

మేనేజరు మాత్రం మండిపడ్డాడు. "తెరకి మోటారు పెట్టిస్తున్నా. గుండ్రాయిలా ఉన్నాడు, ఆయనకేం రోగం? వట్టి బద్ధకం!" అని అందరి ముందూ అనేశాడు.

ఆ మాట మా బావను కోసేసింది. "తాడు లాగే పని పోతే పోయిందిలేమ్మా. నాది బద్ధకం కాదని ఒక్కరు నమ్మితే చాలు. మీ అక్క కూడా తిండి పెడుతోంది గానీ నమ్మట్లేదు. నమ్మితే ఇన్ని గింజలు నమలమనదు" అన్నాడు నాతో. ఆ సంచుల్లోవి అందరితో పాటు లాగించినదాన్నే నేనూ, సరే అన్నట్టు తలూపి నా మేకప్ పెట్టె సర్దుకున్నాను.

అంతలో కొత్త చిక్కొచ్చింది. అప్పుడు ఆడుతున్న నాటకంలో ఇంటి పెద్దాయన మొదటి అంకం చివర చచ్చిపోతాడు. రెండో అంకమంతా మంచం మీద శవంగా ఉంటే, వారసులు చుట్టూ చేరి కొట్టుకుంటారు. ఆ వేషగాడు బీట్‌రూట్ మహిమతో కుదురుగా పడుకోలేకపోయాడు. కాలి బొటనవేలు తాళం వేసేది. ఒకరోజు కొడుకు పాత్ర తప్పు మాట్లాడితే శవం లేచి సరిదిద్దింది. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. 

మేనేజరు బుర్ర గోక్కుని, "మన తెర లాగే ఆయన్ని పడుకోబెట్టండి. ఆయనకి వచ్చిన పని అదొక్కటే" అన్నాడు. అందరూ మా బావను అభినందించారు. మా అక్కయితే మురిసిపోయింది: "చూశారా, పడుకుంటే జీతం! మీకోసమే పుట్టిన వేషమండీ!"

ఆ సాయంత్రం అతని మొహానికి నేను దాదాపు ఏమీ పూయలేదు, అవసరం లేకపోయింది. మోటారు గుర్రుమంది, తెర లేచింది. నెత్తిన దీపాలు భగభగా మండుతున్నాయి. హుషారుగా ఉన్న వారసులు అతని చెవి దగ్గరే గొంతు చించుకుంటున్నారు, మంచం పట్టె మీద గుద్దుతున్నారు. మా బావ కదలలేదు, మెదలలేదు. అంత నిఖార్సైన శవాన్ని ఆ హాలు ఎన్నడూ చూసి ఉండదు. 

నాటకం అయ్యింది. నటులంతా వరసగా నిలబడి దండాలు పెట్టారు. శవం లేచి దండం పెట్టాలి, లేవలేదు. చచ్చినవాడు దండాల్లో కూడా చచ్చే ఉన్నాడని జనం ముచ్చటపడి, లేచి నిలబడి హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. 

నేనూ అక్కా పరుగెత్తుకెళ్లాం. కళ్లు మూసే ఉన్నాయి, ఊపిరి మాత్రం ఆడుతోంది. అక్క వంగి, "ఏవండీ, పడుకునే ఉన్నారు కదా, ఏమయింది?" అంది.

మా బావ పెదవులు మెల్లగా కదిలాయి. "ఆ దీపాలకీ అరుపులకీ ఉన్న ఓపికంతా పోయిందే. పడుకోవడం కూడా చేతకాలేదంటారేమోనని ఓర్చుకున్నాను."

అక్క ఒక్కసారిగా జనం వైపు తిరిగి, "ఆపండి! చప్పట్లు ఆపండి! మా ఆయనకి జబ్బు చేసింది!" అని అరిచింది. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. జనం అదీ నాటకమే అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. అక్క ఏడుస్తూ మంచం పక్కన కూలబడి, రెండు అరచేతులతో అతని చెవులు మూసింది.