టీ విరామంలో మీటింగు పెట్టిన తెలివి

“వచ్చినట్టు సీటీ ఏదైనా ఇత్తారా మేడమ్?” అని మీటింగు అయ్యాక ప్యాకింగ్ సెక్షన్ ఆవిడ అడిగింది. నేను నవ్వేసి, ఇది మన అమ్మల గ్రూపు, ఇక్కడ చీటీలూ సంతకాలూ ఉండవన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసి పరుగున వెళ్లిపోయింది.

మాది అనకాపల్లి దగ్గర మందుల కంపెనీ. నాది క్వాలిటీ విభాగంలో కుర్చీ ఉద్యోగం. పిల్లలున్న ఉద్యోగినులు తమ ఇబ్బందులు చెప్పుకోడానికి ఒక గ్రూపు పెట్టమని పైవాళ్లు అంటే, వద్దనడం చేతకాక లీడర్నయ్యాను. గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి మెట్ల మీంచి మూడుసార్లు వెనక్కొచ్చే మనిషిని. మీటింగుకీ అంత జాగ్రత్తా పడ్డాను. కేకులో గుడ్డు లేదని కనుక్కున్నాను. ‘ఇక్కడ అందరం సమానం’ అని రంగు కాగితం మీద రాసి గోడకి అంటించాను. ఎవరి పనీ చెడకూడదని పావుగంట టీ విరామంలో పెట్టాను. ఆఫీసు వాళ్లం పదకొండు మందిమి. ప్యాకింగ్ నుంచి వచ్చింది రోజూ రాంబిల్లి నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఈ ఆవిడ ఒక్కతే. మిగతావాళ్లకి ఆసక్తి లేదని రిపోర్టు కూడా రాసేశాను.

మర్నాడు ఆవిడ ప్యాకింగ్ లైన్లో లేదు. ఆలస్యంగా లోపలికి వెళ్లినందుకు సూపర్‌వైజరు ఇక రావద్దన్నాడట. కాంట్రాక్టు మనిషి, ఇద్దరు పిల్లలు, ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. నేను ఎంతో ధైర్యంగా మధ్యాహ్నం దాకా బాత్రూమ్‌కీ సీటుకీ మధ్య తిరిగాను. మెయిల్ ఆరుసార్లు రాసి చెరిపాను. తప్పు ఎవరిదో తెలియకుండా రాయడంలో నాకు ఇంత నేర్పుందని అప్పటిదాకా తెలీదు. చివరికి సూపర్‌వైజరు దగ్గరికే వెళ్లాను.

ఆయన కోప్పడలేదు. “టోపీ, మాస్కు, గౌను ఇప్పి బయటికి రాడానికి ఎంతసేపు, మళ్లీ సేతులు కడిగి అన్నీ ఏసుకోడానికి ఎంతసేపు, ఎప్పుడైనా సూసేరా మేడమ్?”

చూడలేదు. గౌను ఎలా వేసుకోవాలో, ఎలా విప్పాలో రాసి ఉన్న కాగితాన్ని తనిఖీ చేసి నెలనెలా సంతకం పెట్టేది మాత్రం నేనే.

పిలిచింది నేను, ఆలస్యం నా వల్లే అని రాసిచ్చాను. నా ఉద్యోగమూ ఇంకా పర్మనెంటు కాలేదు. అయినా కింద సంతకం పెట్టాను. ఆయన చదివి, రేపట్నుంచి రమ్మని చెప్పమన్నాడు. ఆవిడకి ఫోన్ చేసి, ఆ మాట చెప్పి, క్షమాపణ మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపింది.

“అదటుంచండి మేడమ్. మాకు కాళీ దొరికేది కంపెనీ బస్సులోనే. ముప్పావుగంట కూకునే ఉంటాం. మీటింగు అక్కడెట్టండి, మీరే రండి. కేకొద్దు.”

మరునాడు పొద్దున్న పెద్దదానికి జడ వేస్తూ పిల్లలకి చెప్పాను: గురువారాలు అమ్మ రాంబిల్లి దాకా బస్సులో వెళ్లి వస్తుంది, అన్నం నాన్న పెడతారు అని. పనిష్మెంటా అని పెద్దది అడిగింది. మీటింగ్ అన్నాను. ఒక ఆంటీని అమ్మ తన టైముకి పిలిచి ఇబ్బంది పెట్టింది, ఇప్పుడు ఆవిడ టైముకి అమ్మ వెళ్తోంది అన్నాను. నీకు బస్సెక్కితే వాంతులు కదా అన్నాడు చిన్నాడు.

కవరు పట్టుకెళ్తాలే అన్నాను.