నాగవేణి సైకిలు రంగు

ఒక మనిషి తన ఒంటి చెమటను తానే తప్పుపట్టుకునేలా చేశాను. ఏళ్లుగా ఆ బరువు గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త సులువనిపిస్తోంది.

మదనపల్లెలో నాకు పెయింట్ల షాపు ఉంది. ఆదివారం పొద్దున్నే కొంతమందిమి కలిసి సైకిళ్లు తొక్కేవాళ్లం. పుంగనూరు దాకా వెళ్లి, అక్కడ దోసెలు తిని, ఎండ ముదరకముందే తిరిగొచ్చేవాళ్లం. ఆ గుంపులో సైకిలు శుభ్రం చేయడమంటే నా పేరే చెప్పేవాళ్లు. గొలుసుకు ఏ నూనె వేయాలి, గీత పడితే ఏం పూయాలి, అన్నీ నన్నే అడిగేవాళ్లు. అలా అడిగితే నాకు బాగుండేది. తప్పంతా ఆ బాగుండటంలోనే మొదలైందేమో.

నాగవేణి పుంగనూరు దగ్గరి రైతుల ఇంటి బిడ్డ. స్కూలు టీచరు, మా గుంపుతోనే తొక్కేది. ఆమె తొక్కే సైకిలు తమ్ముడిది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి కొనుక్కున్నాడు. జ్వరం ముదిరి అతను పోయాక అది అక్క దగ్గరికి వచ్చింది. దాని ఫ్రేము టైటానియం. ముందువైపు నెమలికంఠం నీలం, వెనక్కి వచ్చేకొద్దీ ఊదా, సీటు కింద బంగారు పసుపు. అది పూసిన రంగు కాదు. ఆ లోహానికి కరెంటు పట్టించి పైన సన్నటి పొర కట్టిస్తారు, వెలుతురు ఆ పొర మీద పడి రంగై కనిపిస్తుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు. తెలియదని ఒప్పుకోవడమూ తెలియదు.

ఆమెకు కుప్పానికి బదిలీ అయింది. ఇల్లు సర్దుకునేదాకా సైకిలు మా గోడౌన్‌లో ఉంచమని అడిగింది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ తప్ప ఇంకేమీ తగలనీయొద్దని తమ్ముడు చెప్పేవాడని కూడా చెప్పింది. సరేనన్నాను. పెయింట్లు అమ్మేవాడికి రంగు సంగతి చెబుతోందే అని లోపల నవ్వుకున్నాను.

సీటుకూ హ్యాండిలుకూ మధ్య ఉండే పై పైపు మీద బ్రేకు కేబుల్‌ను పట్టి ఉంచే ఇనుప స్క్రూ తుప్పు పట్టి, దాని చుట్టూ మరక దిగింది. సబ్బుకు పోలేదు. గేట్లకూ గ్రిల్లులకూ వాడే తుప్పు మందు షాపులో ఉంది. ఆసిడ్ కలిసిన మందు. గుడ్డకు అద్ది రుద్దాను. మరక పోయింది. ఆ సంబరంలో ఇంకాస్త రుద్దాను. చూస్తుండగానే నీలం ఊదా అయింది, ఊదా రాగిరంగుకు తిరిగింది, చివరికి జానెడు మేర బూడిదరంగు లోహం బయటపడింది. గబగబా నీళ్లు కుమ్మరించాను. రంగు తిరిగి రాలేదు.

ఆ రోజే ఫోన్ చేసి చెప్పి ఉంటే? కోప్పడేది, ఏడ్చేది, అంతే కదా? ఎందుకు చెయ్యలేదు? ఆమె బాధపడుతుందనే చెప్పలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను, కానీ ఆ పూట నా కళ్లముందు మెదిలింది ఆమె ముఖం కాదు, ఆదివారం దోసెల బల్ల చుట్టూ కూర్చుని నన్ను చూసి నవ్వబోయే ముఖాలు.

నాగవేణి సైకిలు తీసుకుపోవడానికి వచ్చింది. రంగు పోయిన చోట అరచెయ్యి పెట్టి నిలబడిపోయింది.

"ఈడేమైందన్నా?"

"నీ సెమటేమ్మా," అన్నాను. "ఉప్పు కదా, తినేసింది. తుడిసేటప్పుడు సూసినా."

"నా సెమటా?"

"ఒంగి తొక్కుతావు కదా. పడేది ఆడనే."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "వాడు సెప్పలేదే," అంది. తర్వాత మెల్లగా, "నేనే పోగొడితి," అంది.

నేను కాదనలేదు.

ఆ తర్వాత ఆమె సైకిలు ఎక్కలేదు. కుప్పంలో ఇంటి గోడకు తగిలించి, మీద పాత నూలు చీర కప్పింది. ఏదో పని మీద అటు వెళ్లినప్పుడు ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చింది. చీర తీసి చూపించే ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది, తుడిచిందే మళ్లీ తుడిచింది. చేతి తేమ కూడా తగలకూడదు కదా అని నన్నడిగింది. తల ఊపాను. అప్పటికి నాకు అసలు విషయం తెలుసు. చెమటకు చలించని లోహం ఏదైనా ఉందంటే అదే. వేలిముద్రలు పడితే కాసేపు మసకబారుతుంది, తుడిస్తే మళ్లీ మెరుస్తుంది, అంతే. అన్నీ తెలిసే తల ఊపాను. మొదటిది భయంలో నోరుజారిన మాట అనుకోవచ్చు. మరి ఇది?

ఈమధ్య మా గుంపు కుప్పం దాకా తొక్కింది. అందరికీ నాగవేణే తన ఇంట్లో ఉప్మా చేసి పెట్టింది. కొత్తగా చేరిన ఒకామె గోడ మీది సైకిలు చూసి, తొక్కరా అని అడిగింది. తన చెమట దానికి పడదని, తమ్ముడు అంత ఇష్టపడ్డ రంగు తానే పోగొట్టానని నాగవేణి చెప్పింది. ఎన్నోసార్లు చెప్పి అలవాటైనదానిలా చెప్పింది. నేను ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాను.

అందరం బయల్దేరాం. ఊరు దాటాక, టైర్లో గాలి తగ్గిందని మిగతావాళ్లకు చెప్పి వెనక్కి తిరిగాను. ఆమె వాకిట్లో గిన్నెలు కడుగుతోంది. నిలబడే చెప్పాను. తుప్పు మందు, రుద్దడం, అబద్ధం, తల ఊపడం, అన్నీ. మాటలు తడబడ్డాయి, అయినా ఆపలేదు. ఆమె కొళాయి కట్టేసింది.

"ఇన్నేండ్లూ నా ఒళ్లంటేనే నాకు రోతగా ఉండె కదన్నా," అంది.

గిన్నెలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాను. ఆ కోరిక కూడా నా కోసమే అని తర్వాత అర్థమైంది. అప్పటినుంచి ఆమె ఫోన్ చేయలేదు. మళ్లీ తొక్కుతోందో లేదో నాకు తెలియదు. ఎవరినైనా అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఆమె మాత్రం ఆ తప్పు తనదేనని ఇంతమందితో చెప్పుకుంది. నేను నిజం ఆమె ఒక్కదానికే, ఎవరూ లేని వాకిట్లో చెప్పాను. అది సరిపోదు. అందుకే ఇది రాశాను. రాస్తుంటే ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది. వచ్చే ఆదివారం దోసెల బల్ల దగ్గర ఇదే అందరి ముందూ చదువుతాను.

ఆ రంగు పోగొట్టింది నేను.