బల్ల దగ్గర నుంచి లేవడం

మా చర్చిలో ప్రభువు బల్ల తీసుకోవడానికి ఒక పద్ధతుంది. ముందున్న చెక్క రైలింగ్ దగ్గర వరుసగా మోకరిస్తాం. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక్కొక్కరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి చివర ఒక దీవెన మాట అంటారు. ఆ మాట కాగానే వరుసంతా కలిసి లేవాలి, వెనక నిలబడ్డ వరుస వచ్చి మోకరించాలి. పోయినేడాది ఒక ఆదివారం మా వరుస లేచింది, నేను లేవలేదు. ఇంకా ప్రార్థనలో ఉన్నాననుకుని అందరూ గౌరవంగా ఆగారు. ప్రార్థనా లేదు, పాడూ లేదు. మోకాళ్ళ మీద ఇరుక్కుపోయాను. చివరికి ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపారు.

ఆ మరుసటి నెల నుంచి పక్కన నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అయ్యగారే రొట్టె, ద్రాక్షరసం గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. వాళ్ళు మర్యాదగానే చేశారు, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. మా అమ్మ ఊళ్ళో కూలికి నాట్లు వేసిన మనిషి. చనిపోయిన ఏడాది దాకా మోకరించి తనంతట తనే లేచింది. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరై, పటమటలో లిఫ్టున్న అపార్ట్‌మెంట్లో ఉంటూ, అమ్మ వయసు రాకుండానే కుర్చీకి వచ్చాను.

అది చాలదన్నట్టు వన్ టౌన్‌లో ఆటో దిగుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. పెద్దగా పడింది కూడా కాదు, చేతిసంచిలోని నిమ్మకాయలు ఒక్కటీ బయటికి దొర్లలేదు. ఎముకలకు స్కానింగ్ తీయించి, ఎముక బాగా పలచబడిందన్నారు డాక్టరమ్మ. నేను వాదనకు దిగాను. పుల్లల్లా ఉన్నవాళ్ళకు విరగాలి గానీ ఇంత ఒళ్ళున్న నాకెందుకు విరుగుతుందన్నాను. మా వాళ్ళలో ఎవరైనా కాస్త లావైతే ఒళ్ళు చేశారని సంతోషిస్తారు, తగ్గితే చిక్కిపోయారని జాలిపడతారు. ఆ మాటల మధ్య పెరిగినదాన్ని, బొద్దుగా ఉంటే బలమనే నమ్మాను.

"మీ ఒంట్లో బరువుందండీ, బలమే లేదు," అన్నారావిడ. "కొవ్వు మిమ్మల్ని కూర్చోబెడుతుంది. లేపాల్సింది కండ."

రాత్రిపూట ఏం తింటున్నారని అడిగారు. ఏమీ తిననండీ, టిఫినే అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, ఏం టిఫిన్ అన్నారు. ఒకరోజు ఉప్మా, ఒకరోజు దోసెలు, ఇడ్లీ అయితే కారప్పొడీ నెయ్యీ అని చెప్పాను. షుగర్ వచ్చిన దగ్గర్నుంచీ రాత్రి అన్నం ముట్టలేదని గర్వంగా కూడా చెప్పుకున్నాను. మా ఇళ్ళల్లో అన్నం తింటేనే భోంచేసినట్టు, టిఫిన్ లెక్కలోకి రాదు. లెక్కలోకి రాదని తిన్నదంతా నా నడుము జాగ్రత్తగా లెక్కేసుకుంది. పక్కన కూర్చున్న మా ఆయన నవ్వాపుకోలేకపోయారు. ఆయన దోసెల సంగతి ఆవిడ అడగలేదు కాబట్టి సరిపోయింది.

ఇక పట్టుదలకు పోయాను. అప్పుడే ఈస్టర్ ముందు శ్రమదినాలు మొదలయ్యాయి. సాయంత్రం దాకా ఉపవాసం ఉంటే స్వామికార్యం, స్వకార్యం రెండూ అవుతాయనుకున్నాను. బరువు గబగబా దిగింది. జాకెట్లు వదులయ్యాయి. చర్చిలో ఆడవాళ్ళు అయ్యో చిక్కిపోయారంటుంటే, పైకి దిగులు మొహం పెట్టి లోపల పండగ చేసుకున్నాను. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కళ్ళు తిరిగి పక్కావిడ మీద వాలిపోయాను.

షుగర్ మాత్రలు మింగుతూ, ఒక్క మాట అడక్కుండా ఉపవాసాలేమిటని డాక్టరమ్మ చీవాట్లు పెట్టారు. తర్వాత చేతులు రెండూ కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయాను. బరువు తగ్గిన మనిషిని, ఇదివరకు లేచినంత కూడా లేవలేకపోయాను. కొవ్వుతో పాటు కండనీ పోగొట్టుకున్నారు, ఎముకకీ అది చేటేనన్నారు. తిరిగొస్తూ ఆటోలో ఏడ్చాను. బల్ల సంగతి అటుంచి, రేపు మంచం మీద నుంచి కూడా ఎవరో ఒకరు రెక్క పట్టుకుని లేపాలేమోనని నిజంగా భయం వేసింది.

ఇంటికొచ్చి మొహం కడుక్కుని, ఇక ఏడవకూడదనుకున్నాను. మూడు పూటలా తినాలన్నారు, తిన్నాను. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెంచాను. టిఫిన్‌ని కూడా తిండి కింద జమ కట్టాను. ఎముకలకు ఇచ్చిన మందు మానలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి గోడకు ఆనించిన కుర్చీలో రెండు దిండ్లు వేసి లేవడం నేర్పింది. కొన్నాళ్ళకు ఒక దిండు తీసేసింది, తర్వాత రెండోదీ తీసేసింది. ఆ తర్వాత మంచం పక్కన దుప్పటి మడతపెట్టి దాని మీద మోకరించడం, ఒక పాదం ముందుకు తెచ్చి దాని మీద బరువు మోపడం. తొడలు వణికేవి, నోటికొచ్చినట్టు తిట్టుకునేదాన్ని, మళ్ళీ మోకరించేదాన్ని.

మా ఆయన పడిపోతే పట్టుకోవడానికి పక్కనే నిలబడేవారు. ఒకరోజు విసుగొచ్చి అడిగారు.

"ఎవరి కోసం ఈ కుస్తీ? కుర్చీలో కూర్చుని తీసుకుంటే ప్రభువు వద్దంటాడా?"

"ఆయన వద్దనడండీ. నేనే వద్దంటున్నాను."

ఆయన దుప్పటి మడత సరిచేసి మళ్ళీ పక్కన నిలబడ్డారు. వానలు వెనకబట్టేదాకా అలాగే సాగింది. బరువు ఈసారి నత్తనడకన దిగింది. ఇప్పటికీ లావుగానే ఉన్నాను, అద్దం అబద్ధం చెప్పదు.

ఒక బల్ల ఆదివారం నా కుర్చీ ఎప్పటి చోటే వేసి ఉంది. దాన్ని దాటుకుని వెళ్ళి రైలింగ్ దగ్గర మోకరించాను. అయ్యగారు ఒక్క క్షణం నా వైపు చూసి, అందరికీ ఇచ్చినట్టే ఇచ్చారు. దీవెన మాట అన్నారు. వరుస లేచింది. నేను కుడి పాదం ముందుకు తెచ్చి మోపాను. లేవలేదు. పక్కన నిలబడ్డ అమ్మాయి చెయ్యి చాపింది.

"వద్దమ్మా. ఒక్క నిమిషం," అన్నాను.

ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక తర్వాతి వరుస నిలబడి చూస్తోంది. అయ్యగారు గిన్నె పట్టుకుని ఆగారు. చర్చి మొత్తం నా ఒక్కదాని కోసం ఆగింది. ఆగనీ అనుకున్నాను. తొడ మీద చెయ్యి ఊని, పాదం మీదికి బరువంతా తెచ్చి, రైలింగ్ ముట్టుకోకుండా లేచాను.