మూడో సాంచా బట్ట

నిన్న మా మరిది భార్య ఫోన్ చేసి, "అక్కా, మా చిన్నదాన్ని యాడ ఎయ్యాలె? పసుపు బస్సు బడా, వాడకట్టు సర్కారు బడా?" అని అడిగింది. జవాబు చెప్పే ముందు అల్మారా పైఅర వెతికి ఒక చిన్న గౌను తీశాను. నీలిగళ్లది, వెలిసిపోయింది. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పనన్నది మా ఇంట్లో నా మీద ఎప్పుడూ ఉన్న ఫిర్యాదే.

మా అమ్మాయికి ఐదేళ్లు నిండిన ఏడు, బాసరలో అక్షరాభ్యాసం చేయించి తిరిగొస్తుంటే, బస్సులోనే అత్తమ్మ తీర్పు చెప్పేసింది: పిల్ల టై కట్టుకొని ఇంగ్లీషు బడికే పోతుందని. పలక మీద ఓంకారం ఇంకా చెరగనైనా లేదు. మర్నాడు నేను రెండు బళ్లూ చూసొచ్చాను. ఇంగ్లీషు బడిలో పాఠం చెప్పే పిల్ల నా దగ్గర ట్యూషన్ చదివీ ఇంటర్ తప్పిన పిల్లే. నన్ను చూసి పుస్తకం చాటున మొహం దాచుకుంది. మా వీధి చివరి సర్కారు బడి పంతులమ్మ మాత్రం నన్ను చూసి కూడా పాఠం ఆపలేదు. నాకదే నచ్చింది.

"గా బడికి ఎవ్వలు పోతరే? పొల్లను ఆగం జేస్తవా?" అంది అత్తమ్మ.

మా ఇంటి వెనక నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాలను మా ఊళ్లో అలాగే అంటాం. ఆ ఏడు వాటి మీద నేస్తున్నది సర్కారు బడి పిల్లల యూనిఫాం బట్టే. నాకింకేం కావాలి?

"మనం నేసిన బట్ట ఊరి పిల్లలందరు తొడగాలె గని, మన పిల్ల తొడగద్దా అత్తమ్మా?"

"డిగ్రీ సదివి నోరొక్కటి పెంచినవు. దసరా దాకా చూస్త. పొల్లకు సదువు రాకుంటే బస్సెక్కిస్త, నువ్వు నోరెత్తద్దు."

మా ఆయన ఏ పక్షమూ పట్టకుండా సాంచాల మోతలోకి పోయి దాక్కున్నాడు. రోజూ సాయంత్రం "ఏం నేర్చినవే?" అని అత్తమ్మ అడిగేది. "చెట్టెక్కుడు" అనేది నా కూతురు. పైకి నవ్వేదాన్ని గానీ, వంటింట్లో పేపరు అక్షరాల మీద దాని వేలు పెట్టించి దొంగతనంగా పరీక్షించేదాన్ని.

యూనిఫాం దసరా ముందు గానీ రాలేదు. తప్పులు వెతుకుదామని అత్తమ్మ గౌను అంచు వెలుతురుకి పట్టింది. బొటనవేలు ఒకచోట ఆగిపోయింది. మా మూడో సాంచాకొక పాడలవాటుండేది: అడ్డంగా నడిచే పేక పోగు తెగినా వెంటనే ఆగదు, బట్టలో సన్నటి ఖాళీ గీత వదిలేస్తుంది.

"గిది మన మూడో సాంచాదే," అంది మెల్లగా.

ఆ వారమే పిల్లల్ని చేర్చుకుంటామంటూ పసుపు బస్సు మా గుమ్మం ముందాగింది. ఆ గౌనుతోనే బయటికి పరుగెత్తిన నా కూతురు బస్సు మీద రాతల్ని వేలితో చూపిస్తూ, "బ... డి... బ... స్సు" అని కూడబలుక్కుంది. అత్తమ్మ దాన్నీ, నన్నూ, చివరికి డ్రైవర్నీ చూసింది.

"మా పొల్ల మా బట్ట తొడుక్కొని మా బడికే పోతది. ఇగ మా ఇంటి ముందల హారన్ కొట్టకు, పో!"

మరిది భార్యకు నా జవాబు వాడకట్టు బడే. మరిదితో వాదన పడితే నేనొస్తానని కూడా చెప్పాను. గౌను మడతపెడుతూ వెలుతురుకి పట్టి చూశాను. ఇన్నేళ్లలో కాలం రంగంతా పట్టుకుపోయింది. ఆ తప్పిన పోగు గీతను మాత్రం ముట్టుకోలేదు.